ఉలుకూ పలుకూ

సెప్టెంబరు వచ్చిందంటే
మా కఖేతిలో మగాడన్నవాడు భూమిలోకి దిగాల్సిందే.
చావడానికి కాదు,
ద్రాక్షసారా బాన కడగడానికి.

మెడ దాకా నేలలో పూడ్చిన మట్టిబాన,
మా ముత్తాత పూడ్చింది.
కడుపు మూడు వేల లీటర్లు,
నోరు మాత్రం సరిగ్గా నా భుజాలంత.
చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి,
పుట్టిన దారినే వెనక్కి వెళ్తున్నట్టు దిగుతాను.
చెర్రీ బెరడు కుచ్చు, బూడిదనీళ్ల బకెట్టు
నా వెనకే తాడు మీద వస్తాయి.

పైన నా మనవరాలు కేతో కాపలా.
దాని పని ఒక్కటే:
"తాతా, ఉన్నావా?" అని అడుగుతూ ఉండటం.
నా పని "ఉన్నా" అనడం.
బాన అడుగున నిరుటి పులుపు ఊపిరి పేరుకుని ఉంటుంది,
తియ్యగా, నిద్రలాగా.
పక్కింటి ఇయాసే అది పీల్చి
మాట మధ్యలో ఆగిపోయాడు.
అందుకే బానలో ఉన్నవాడు నోరు మూయకూడదు.
పాడినా సరే, ఎవణ్ణైనా తిట్టినా సరే.
నాకు పాట రాదు.
అప్పుల లెక్కలు చదువుతుంటాను.

ఇదంతా ఎందుకంటే,
మూడేళ్లుగా నాకు ప్రార్థన రావడం లేదు.
ఏ ఘోరమూ జరగలేదు, అదే సిగ్గు.
తీగలకు తెగులు పట్టలేదు,
ఇంట్లోంచి శవం లేవలేదు.
వాడని తాళంలా లోపల ఏదో బిగుసుకుపోయింది, అంతే.
ఆదివారం మూడు గంటలు
మోకాళ్లు మొరాయించేదాకా నిలబడతాను.
ఇసుకలో కొవ్వొత్తి గుచ్చుతాను.
ఒకసారి పటాన్ని ముద్దు పెట్టుకోబోతే
అద్దం మీద నాకన్నా ముందు వచ్చినావిడ పెదాల రంగు.
చొక్కా చేత్తో తుడిచాను.
ఆ వారం దేవుడికి నేను చేసిన సేవ అదొక్కటే.

ఫాదర్ బెసారియోన్‌కు చెప్పుకున్నాను.
ఉపవాసం ఉంటున్నావా? ఉంటున్నాను.
వాక్యం చదువుతున్నావా? చదువుతున్నాను.
ఆయన గడ్డం నిమురుకుని
"నాకూ అప్పుడప్పుడూ..." అని
మిగతాది మింగేశాడు.
మింగిన ఆ మాట కోసమే
ఆయన చేతిని ముద్దు పెట్టుకుని వచ్చేశాను.

రాత్రిళ్లు తోటలో నిలబడి అడిగేవాణ్ణి:
ప్రభువా, ఉన్నావా?
అలజాని నదికి అవతల కొండల మీద మంచు.
ఎవరిదో కుక్క మొరిగేది.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈ ఏడు బాన అడుగున
మైనం పూత కింద వెంట్రుకంత పగులు కనబడింది.
వేలితో దాన్ని తడుముతూ
లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాను.
"తాతా, ఉన్నావా?"
వినబడింది. పలకలేదు.
తల బరువుగా ఉంది, హాయిగానే ఉంది.
"తాతా?"
పలుకుదాంలే, ఏం తొందర అనిపించింది.

అప్పుడు చీకటి పడింది.
ఒక్కసారిగా, నెత్తిన మూత పెట్టినట్టు.
అయిపోయింది ఇయాసే, వస్తున్నా, అనుకున్నాను.
ఆ చీకట్లోంచి
నా ముక్కు మీద వెచ్చగా ఒక చుక్క రాలింది.
చీకటి కాదు అది.
నేల మీద బోర్లా పడుకుని
బాన నోట్లోకి తలదూర్చిన
పిల్ల ముఖం.
ఉన్న వెలుతురంతటికీ అడ్డొచ్చేంత దగ్గరగా.

"ఉన్నా! ఉన్నా!"
బాన గోడలు నా గొంతును
నాకే నాలుగుసార్లు తిప్పి చెప్పాయి.

తాడేసి పైకి లాగారు.
కేతో నా చెంప మీద ఒక్కటిచ్చింది,
తర్వాత నా బూడిద చొక్కాలోనే ముక్కు తుడుచుకుంది.
సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి తోటలోకి వెళ్లాను.
మంచు అక్కడే ఉంది. కుక్కా అక్కడే ఉంది.
ఈసారి ఏమీ అడగలేదు.
ఎన్నాళ్ల నుంచి అడుగుతున్నాడో,
ఎన్నోసారి అడుగుతున్నాడో,
నేనే కదా లెక్కల్లో పడి...

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.
"ఉన్నాను" అన్నాను.
గొంతు బొంగురు పోయింది.
మళ్లీ అన్నాను.

రేపు మిగతా సగం కడగాలి.
పగులుకు మైనం పెట్టాలి.
పాట ఒకటి నేర్చుకోమంది కేతో,
చిన్నదైనా సరేనట.