ఒకటీ, నాలుగూ

మూర్ మార్కెట్టు ఇంకా తగలబడని రోజుల్లో
పన్నెండు రూపాయలకి కొన్నాం, చెరో ఆరు.
అట్ట తలుపులా రెండు రెక్కలుగా తెరుచుకునేది.
లోపల నీలి పొగలో అయిదుగురు జులపాలవాళ్లు,
ఒకడి చుట్టూ గోడకట్టినట్టు కీబోర్డులు.
రెండు జేబులు. ఒకదాన్లో రికార్డు.
రెండో దాన్లో ఎవరిదో కిరసనాయిలు రసీదు.

రికార్డు నడిమి కాగితం మీద ఒక పక్క ఒకటి అని ఉంది.
తిప్పితే, నాలుగు.
అచ్చుతప్పనుకున్నాం.
పెరంబూరు రైల్వే క్వార్టర్సులో రిటైర్డు గార్డు డెస్మండ్ దొర
కళ్లజోడు పైకెత్తి చూసి చెప్పాడు:
కలవారి మిషన్లలో ఒకదాని మీద ఒకటి వాటంతటవే పడతాయట,
ఒకటి, రెండు. దొంతర తిరగేస్తే మూడు, నాలుగు.
అంటే మాకు దొరికింది కచేరీ తలా, కాళ్లూ.
నడుం ఎవరింట్లో ఉందో.

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రకాశరత్నం
చొక్కా మేకుకి తగిలించి ప్లేయరు తుడిచేవాడు.
ముందు జనం. ఎక్కడో చలిదేశంలో
హాలు నిండిన వేలమంది ఊపిరి.
దాని మీద మా వీధి ఐసుబండి గంట.
నాలుగో నిమిషంలో ఎవడో దగ్గుతాడు.
వాడి కోసం కాచుకుని ఉండేవాళ్లం, చుట్టంలా.
ఆ తర్వాతే తాళం విరిగేది,
ఏడు కాదు, ఎనిమిదీ కాదు, వేలికణుపులు చాలవు.
"లెక్కపెట్టకురా" అనేవాడు ప్రకాశం,
"వ్యాసర్‌పాడి దగ్గర పట్టాలు మారే బండిలో నిలబడ్డావనుకో.
మోకాళ్లే చూసుకుంటాయి."

ఇరవైమూడు నిమిషాల పాట.
పదమూడో నిమిషంలో ఆర్గను మెట్లెక్కుతూ, ఎక్కుతూ
పై మెట్టు మీద ఒక కాలు పెట్టగానే
ముల్లు లోపలి అంచు చేరేది.
టక్. టక్. టక్.

అక్కణ్ణుంచి మాది.
వాడు క్యారేజి మూతల మీద, డాల్డా డబ్బా మీద.
నేను నోటితో గిటారు, ముక్కుతో ఆర్గను.
వారానికో రకం. ఒకసారి పదకొండు నిమిషాలు లాగాం.
పక్కింటి సరోజినక్క గోడ బాదితే
దాన్నీ కలుపుకున్నాం.
చెమటలు కారి, ఇక చాలనుకున్నాక
వాడు కనుబొమ్మ ఎగరేసేవాడు,
నేను నాలుగో వైపు మీద ముల్లు దించేవాణ్ణి.

నాలుగో వైపు చప్పట్లతో మొదలవుతుంది.
మేం వినని దేనికో
హాలు హాలంతా లేచి కొడుతున్న చప్పట్లు.
తల వంచేవాళ్లం ఇద్దరం.
వాడు తువ్వాలు భుజాన వేసుకుని మరీ.

నిన్న మేనకోడలు నా ఫోనులో మొత్తం పెట్టిచ్చింది.
ఒకటి రెండు మూడు నాలుగు. గీతల్లేవు, అతుకు తెలీదు.
రాత్రి కొళత్తూరు డాబా మీద కూర్చున్నాను,
కింద నీళ్ల లారీ ఖాళీ అవుతోంది.
దగ్గాడు, నా చుట్టం.
ఆర్గను మెట్లెక్కింది.
పైన ఏముందనుకున్నాం? తుఫాననుకున్నాం.

ఒక్క వేణువు.
చాలాసేపు, ఒక్కటే.
జనంలో దగ్గిన వాడు కూడా లేడు.
ఆ మూడేళ్లూ అక్కడ మేం డబ్బాలు బాదాం.

ఆపేసి ప్రకాశానికి ఫోను చేశాను.
ఇరవయ్యేడేళ్లు రివెట్ల షాపులో పనిచేసిన చెవులు,
ఎడమది పోయింది, కుడిదానికి మిషను.
"ఏముందిరా మధ్యలో?"
"వేణువు!"
"ఏంటీ?"
"వేణువురా! మెల్లగా!"
పక్క డాబా మీద లైటు వెలిగింది.
అవతల కాసేపు ఏమీ లేదు,
తర్వాత స్టీలు గ్లాసు మీద వేలు,
ఏడు కాదు, ఎనిమిదీ కాదు.
"మరి ఆ చప్పట్లెవరికిరా?" అన్నాడు.

అంతదాకా ఇంకా రాలేదని అరిచాను.