హద్దురాయి

"తొండలు కూడా గుడ్లు పెట్టని నేల"
అన్నాడు సర్వేయరు,
పామూరు దాటాక, పలుగురాళ్ల బీట్లో.
గొలుసు పట్టుకున్న మాల్యాద్రి ఏమీ అనలేదు.

జెండా కర్రతో నేను.
నా నీడ కొసన
చిటికెనవేలంత తొండ
రాయెక్కి, గొంతు కింద
నీలం విసనకర్ర విప్పింది.
ముడిచింది. మళ్లీ విప్పింది.
ఎవరి కోసమో.

రాయి కాలిపోతోంది కాబోలు,
కాళ్లు మార్చి మార్చి నిలబడింది,
మా అమ్మ పొయ్యి మీంచి సట్టి దించుతూ
చేతులు మార్చుకున్నట్టు.

మధ్యాహ్నం హద్దురాయి పాతడానికి
గడ్డపార ఎత్తిన మాల్యాద్రి
మెల్లగా పక్కన పెట్టాడు.
పెళ్ల కింద
చింతగింజలంత తెల్లటివి, ఆరు.

అరచేత్తో మట్టి కప్పాడు.
రాయి రెండడుగులు జరిగింది.
సర్వేయరు బీడీ వెలిగించుకుని
అటు తిరిగి నిలబడ్డాడు.

పటంలో ఆ వంకర
ఇంకా ఉంది.