సిరా లేని వేలు

పోలింగుకి ఇంకా తొమ్మిది రోజులుంది.
నేను మాత్రం ఇవాళే ఓటేసి రావాలి.
గోపాలపట్నంలో ఉంది నా ఓటు,
భీమిలిలో పడింది నా డ్యూటీ.
ఒక్క మనిషిని రెండూళ్లలో నిలబెట్టలేరు కదా,
అందుకని ఓటునే కవర్లో పెట్టి
ముందు పంపమన్నారు.

ఫారం పన్నెండు నింపాను.
పార్టు నంబరు, వరస నంబరు, డ్యూటీ ఆర్డరు జిరాక్సు.
"పొద్దుట్నించి మీరు నలభయ్యో టీచరండీ" అని
జిరాక్సు షాపతను రూపాయి తగ్గించాడు.

ఏయూ హాల్లో ఫ్యాన్లు ఉక్కనే అందరికీ సమానంగా పంచుతున్నాయి.
ముందు మెహరున్నీసా టీచరు.
వెనక సచివాలయం కుర్రాడెవరో
ఫోను బయట ఇచ్చేసి వచ్చాడేమో,
మాటిమాటికీ ఖాళీ జేబు తడుముకుంటున్నాడు.

బ్యాలెట్టు చిన్న కవర్లో,
చిన్న కవరు పెద్ద కవర్లో,
డిక్లరేషను మాత్రం చిన్నదాన్లో పడకూడదు,
పడిందా, ఓటు మురిగిపోయినట్టే,
అని గెజిటెడ్ ఆఫీసరు మూడోసారి చెప్పాడు.
సంతకం పెట్టాడు. సీలు మర్చిపోయాడు.
"సార్, సీలు" అన్నాను.
పిల్లలు బోర్డు మీద నా తప్పు పట్టుకున్నప్పుడు
నా మొహం ఎలా ఉంటుందో
అప్పుడు చూశాను.

అట్ట చాటున పెన్ను పట్టుకున్నాక
చెయ్యి కాసేపు ఆగింది.
ఇరవయ్యేళ్లుగా ఎర్రసిరాతో ఎన్ని టిక్కులు కొట్టానో,
ఒక్కటీ ఇంత బరువెయ్యలేదు.

జిగురు సీసా ఎండిపోయింది.
క్యారియరు మూత తీసి
నాలుగు మెతుకులు వేలితో మెదిపి
కవరు అంటించాను.
ఆఫీసరు కిటికీ వైపు తిరిగి
సముద్రం ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

*

భీమిలి. వేట నిషేధం రోజులు.
పడవలన్నీ ఒడ్డున, మనుషులంతా వరసలో.
రాత్రి ఏడో తరగతి బెంచీల మీద పడుకున్న నడుముతో
రెండో పోలింగు అధికారిని నేను.
సంతకం, సిరా, స్లిప్పు. సంతకం, సిరా, స్లిప్పు.
వల తాళ్లు కోసిన వేళ్లు,
ఉప్పుచేప వాసన వదలని వేళ్లు,
కొత్త గోరింటాకు వేలు ఒకటి, వణుకుతూ.
ఒకాయనకి చూపుడు వేలే లేదు.
వించీ తినేసిందన్నాడు. పక్క వేలికి రాశాను.

పదకొండింటికి తెడ్డు దానయ్యమ్మ వచ్చింది.
వేలు చాపకుండా
నా ఎడంచెయ్యే తిప్పి చూసింది.
"అందరికీ రాత్తన్నావు, నీ యేలికేదమ్మా?"
"నేను ముందే వేసేశానమ్మా, కవర్లో."
"అయితే ముందు తినీసి
వడ్డనకొచ్చీనావన్నమాట!"
వరసంతా నవ్వింది. పీవో గారూ నవ్వి,
గుర్తొచ్చి, "సైలెన్స్" అన్నారు.

వడ్డించేవాళ్లది ఆఖరి బంతి.
మా అమ్మ అలాగే పెంచింది.
ఆ మాట సాయంత్రం దాకా నా బల్ల పక్కనే కూర్చుంది.

*

సీళ్లయ్యాక, లెక్కలయ్యాక, అర్ధరాత్రి బస్సు.
రుషికొండ దగ్గర లోపల లైటు వెలిగితే
చేతులు చూసుకున్నాను.
బొటనవేలికి సిరా, మణికట్టుకి సిరా,
చీర కుచ్చిళ్లకి కూడా.
చూపుడు వేలొక్కటీ
హాజరుపట్టీలో బడికి రాని పిల్ల గడిలా ఉంది.

మా హిమజ మెసేజీ: "అందరూ వేళ్లు పెట్టారు గ్రూపులో,
నీదేదమ్మా?"
బొటనవేలు ఫోటో తీసి పంపాను.
ఎవరూ గమనించలేదు.

*

లెక్కింపు రోజు ఎనిమిదింటికి టీవీలో అన్నారు:
మొదట పోస్టల్ బ్యాలెట్లు.
బియ్యం కడుగుతున్నదాన్ని ఆగాను.
ఈపాటికి ఏ హాల్లోనో ఎవరో
నా కవరు అంచున గోరు పెట్టి ఉంటారు.

ఎండిన మెతుకు అంత తొందరగా వదలదండీ.
కాస్త నెమ్మదిగా తియ్యండి.