సముద్రానికి వీపు

నోటరీ గదిలో నా పని దుబాసీ.
వాళ్ళ మాట వీళ్ళకి, వీళ్ళ మాట వాళ్ళకి
ఒలక్కుండా మోయాలి.

అమ్ముతున్నది యెర్కో, కొమీజా రేవువాడు.
కొంటున్నది ఓస్లో నుంచి దిగిన హాల్వర్,
నార చొక్కాలో, ఖరీదైన వినయంతో.
ధరని అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి చదివాను.
రెండుసార్లూ యెర్కో దగ్గాడు.

హాల్వర్ ముచ్చటపడి అడిగాడు:
"ఏ కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూసేవారు?"

ముసలాయన నావైపు చూశాడు,
నేనేదో తప్పు చెప్పాననుకుని.
మళ్ళీ అడిగాను.

"ఆ వైపు కిటికీ ఎవడు పెడతాడమ్మా?
పగలంతా దాని మీదే బతికొచ్చినవాడు
రాత్రీ దాని మొహమే చూడాలా?
మా తాత రెండు మూరల మందాన కట్టాడు ఆ గోడ.
దక్షిణపు గాలి లేచిన రాత్రి
మా అమ్మ దానికి వీపు ఆనించి కూర్చునేది.
పడవ చప్పుడు చెవికన్నా ముందు
వీపుకే తెలుస్తుందనేది."

"కిటికీ లేదట" అన్నాను.
అంతే మోయగలిగాను.

హాల్వర్ నవ్వాడు:
"పర్లేదు, ఆ గోడంతా తీసేసి అద్దం పెడుతున్నాం."
ఇది మాత్రం పొల్లుపోకుండా చెప్పాను.

వలతాడు కట్టిన తాళంచెవి
బల్ల మీద పెట్టాడు యెర్కో.
దస్తావేజులో అన్నీ ఉన్నాయి:
నేల, కప్పు, వాననీటి తొట్టి,
నీళ్ళదాకా మీటరు వెడల్పు దారి.

సంతకాలయ్యాక మెట్ల మీద ఆగి
"అద్దం ఎంత మందం?" అన్నాడు.
తెలీదన్నాను.

నాలుగు మెట్లు దిగాక
తనే అన్నాడు:
"అయినా గాలి రోజుల్లో
వాళ్ళుండరుగా."