వాన రంగు

త్సురుహాషి స్టేషను ముందు ఎక్కింది.
చేతికర్రని మూడు మడతలు పెట్టి
పిల్లిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకుని
"ఊరు చూపించు నాయనా" అంది.

నవ్వొచ్చింది నాకు.
ఇరవై రెండేళ్ళుగా ఒసాకాలో టాక్సీ తోలుతున్నాను.
ఊరు చూపించమన్నవాళ్ళంతా ఏ విమానమో దిగినవాళ్ళే.
ఈవిడది ఇక్కడి యాస,
చేపల బజారులో బేరమాడి పదునెక్కిన యాస.
పైవాణ్ణి నేనే, కగోషిమా నుంచి పొట్టకోసం వచ్చినవాణ్ణి.

"చూపు ఆనట్లేదు. మిగిలిందీ పోయేలోగా
ఒకసారి సరిచూసుకోవాలి.
నువ్వు చెప్తుండు, కళ్ళకు కట్టినట్టు."
అద్దంలోంచి చూశాను.
ఆ కళ్ళకు అప్పటికే ఏదో కట్టి ఉంది,
ఉడికిన చేప కంటిలా, తెల్లగా.

ముందు కోట.
"ఆకుపచ్చ కప్పులు, కొసన బంగారు చేపలు..."
వచ్చిన ప్రతివాడికీ ఒప్పజెప్పే పాఠం ఎత్తుకున్నాను.
"అది పోస్టుకార్డు చెప్తుందిలే. నువ్వు చెప్పు."
మళ్ళీ చూశాను.
కందకం నీళ్ళలో కోట నీడ మీద
ఎవరిదో బిస్కట్ కాగితం తేలుతోంది.
గోడవార ఒకామె బూటు విప్పి
మడమ మీది పొక్కు ఊదుకుంటోంది.
"ఆఁ," అంది, "ఇప్పుడు కనిపిస్తోంది."

షితెన్నోజి గుడి కొలను దగ్గర
"తాబేళ్ళెన్ని?" అంది.
వెయ్యిసార్లు వచ్చి ఉంటాను, ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
పదిహేడు. కాదు, ఒకటి మునిగింది.
"వీపు మీద గీత ఉన్నది ఉందా, పెద్దది?"
ఉంది.
అబద్ధమాడే పని లేకుండా
రాతిమీద మెడ చాచుకుని ఉంది.

దోతోంబోరిలో దీపాలు పెట్టేవేళ.
"చేతులెత్తి పరిగెత్తేవాడు ఇంకా పరిగెడుతున్నాడా?"
"ఉన్నచోటే."
"నా పెళ్ళినాడూ అక్కడే ఉన్నాడు.
అంత పరిగెత్తీ ఎక్కడికీ పోలేదు, పాపం."
వంతెన నిండా జనం వాడిలాగే చేతులెత్తి ఫొటోలు దిగుతున్నారు.
ఆవిడా ఎత్తింది. కర్ర జారిపడింది.
ఊరు తెలియని పిల్లెవరో తీసి
రెండు చేతులా అందించి వంగింది.
ఆ వంగడం నేను చెప్పకుండానే తెలిసి
ఈవిడా వంగింది.

చివరికి త్సూతెన్‌కాకు శిఖరం.
"మా ఇల్లు ఆ కాళ్ళ దగ్గరే. పైన దీపం ఏ రంగు?
రేపు పరుపు ఎండేసుకోవాలి."
తెలుపైతే ఎండ. నారింజైతే మబ్బు. నీలమైతే వాన.
ఈ ఊళ్ళో పసివాడికి కూడా తెలిసిన లెక్క.
పైన నీలం.
"తెలుపు" అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
పొద్దుటినుంచీ ఒక్క అబద్ధం అడగలేదు ఆవిడ,
అందుకేనేమో.

అద్దం దించమంది. ముక్కు ఎగబీల్చింది.
"డాక్టరుకి చూపించుకో నాయనా," అంది,
"గాలి నీలంగా ఉంది."

నాణేల అంచులు గోటితో గీకి,
చిల్లున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టి,
బాడుగ పైసాతో సహా సరిగ్గా ఇచ్చింది.
రసీదు మీద పేరు రాయమంది: ఇనుయి మిసావో.
నా అక్షరాలు వేలితో తడిమి
"వంకర" అని దిగిపోయింది.

మర్నాడు వాన.
హోటలు నుంచి కోటకి ఇద్దర్ని ఎక్కించుకుని
దారి కాని దారిన ఆ సందులోంచి వెళ్ళాను.
ఏ వసారాలోనూ పరుపు లేదు.
మూడో అంతస్తులో ఒక వెదురు దండెం,
దాని కింద వరసగా చినుకులు వేలాడుతున్నాయి.
వెనక సీటువాళ్ళు ఏదో అడుగుతున్నారు.
పద్నాలుగు, పదిహేను...
పదిహేడోది రాలేలోగా
వెనక లారీ హారన్ కొట్టింది.