మూత

బ్రోకెన్ హిల్‌లో జనవరి.
పొద్దున తొమ్మిదికే ముప్పై ఎనిమిది.
తోటకి నీళ్లు వారానికి రెండు పూటలేనని
తలుపు కింద నుంచి కాగితం తోసి వెళ్లారు.
నేను పెట్టిన దోస మొక్కలు మూడూ
ఆ కాగితం చదవకుండానే తలలు వాల్చేశాయి.

కంచె అవతల ఆంటే మారునిచ్.
ముప్పై ఒక్క ఏళ్లు గనిలోకి దిగి ఎక్కినవాడు.
రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఆగుతాడు,
మెట్ల మీద ఆగినట్టు.
"పొయ్యకు," అన్నాడు. ఆగాడు. "తిప్పు."

ఏం తిప్పాలో నాకు అర్థం కాలేదు.
మధ్యాహ్నం అతనే వచ్చాడు,
అడుగులు కోసేసిన పాల క్యాన్లు రెండు,
పాత షవర్ కర్టెన్ ముక్క,
ఖాళీ చేప డబ్బా, జేబులో ఒక గులకరాయి.

రెండు మొక్కల మీద క్యాన్లు బోర్లించాడు.
మూడోదాని పాదులోనే చిన్న గుంట,
గుంటలో ఓ పక్కన డబ్బా,
డబ్బాలో నేను బియ్యం కడిగిన నీళ్లు.
మీద కర్టెన్ ముక్క, అంచుల మీద మన్ను.
నడుమ, సరిగ్గా వేరుకి ఎదురుగా, రాయి.
బరువుకి ప్లాస్టిక్ బొడ్డులా కుంగింది.

"ఎండ లాగుతుంది. మూత పోనివ్వదు.
రాత్రి చల్లబడితే రాయి దగ్గరికి చేరతాయి.
మురికి డబ్బాలోనే. చుక్క మాత్రం వాన."
ఇంత చెప్పడానికి నాలుగుసార్లు ఆగాడు.

నేనేమో అన్నం గిన్నె మూత తీసి పెట్టినప్పుడల్లా
గట్టు మీదికి జారిన నీళ్లని
ఇన్నేళ్లూ గుడ్డతో తుడిచి పిండేసినదాన్ని.

మర్నాడు క్యాన్ల లోపల గోడలు చెమర్చి ఉన్నాయి,
కొత్త కూజాల్లాగ, కాకపోతే తిరగేసి.

"పదింటికి ఎత్తు. లేకపోతే ఉడుకుతాయి."
రెండో రోజే మర్చిపోయాను.
డ్యూటీ దిగి వచ్చేసరికి ఒకటి
ఉప్పూ కారం లేని కూరైంది.
మిగతా రెండూ,
ఆవిరి కుడుమిస్తే పండగనే రకం,
ఆకు వేశాయి.

మార్చిలో అతన్ని మా వార్డుకే తెచ్చారు.
నా చేత్తోనే మాస్కు పెట్టాను.
లోపల మసక పట్టింది, పోయింది,
పట్టింది.
మానిటర్ పక్కనే ఉన్నా
ఆ మసకనే లెక్కపెడుతూ కూర్చున్నాను.

తెల్లవారుజామున వేలితో మాస్కు తట్టాడు.
ఓ అంగుళం ఎత్తాను.
"పదింటికి?"
"ఎత్తుతున్నాను," అన్నాను.
నిన్న ఎత్తలేదు. అది చెప్పలేదు.

ఏడింటికి ఇంటికొచ్చి
డ్యూటీ బూట్లతోనే పాదు దగ్గర కూలబడ్డాను.
రాయి కింద ఒక చుక్క వేలాడుతోంది.
లావవుతోంది. సాగుతోంది.
జేబులో ఫోను మోగుతోంది.

ఇది పడ్డాక తీస్తాను.