ఒకటికి ముక్కు

తౌనో కెర్కెలా అంతా పెన్సిల్‌తోనే రాశాడు.
సముద్రం మీద సిరా గడ్డకడుతుంది మరి.
ముప్ఫయ్యొక్క చలికాలాలు, ముప్ఫయ్యొక్క నోటుపుస్తకాలు,
చేపల పెట్టెలో పేర్చి తెచ్చి
మా రోడ్ల ఆఫీసు బల్లమీద దించి
టోపీ కూడా తియ్యకుండా వెళ్ళిపోయాడు.

దీవికీ ఒడ్డుకీ మధ్య
బోత్నియా ఖాతం గడ్డకట్టినన్నాళ్ళే మాకు రోడ్డు.
పొద్దున్నే బరమాతో మంచుకి బెజ్జం పెట్టి
కొలబద్ద దించి చూసి
చేతి తొడుగు పళ్ళతో లాగి రాసేవాడు:
ఇన్ని సెంటీమీటర్లు. వాయవ్యం గాలి.
ఒకచోట, నక్క దాటింది.

ఒక్కో పేజీనీ అద్దం మీద బోర్లా పడుకోబెడతాను.
కింద వెలుగు పాకుతుంది.
ఒక చేపపొలుసు పేజీతోపాటే కంప్యూటర్లోకి వెళ్ళింది,
యంత్రం దాన్ని కామా అనుకుంది.
నవ్వుకున్నాను.

మధ్యాహ్నానికి నవ్వు ఆగింది.
డిసెంబరు పంతొమ్మిది: డెబ్భైనాలుగు.
పాల ట్యాంకరు పోవచ్చు దానిమీద.
మర్నాడు: పదిహేను.
రాత్రికి రాత్రి అంత మంచునీ ఏ ఎండ తాగింది?
డిసెంబరులో మాకు ఎండే లేదు.

ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. వెనక కెటిల్ కూత.
"నా ఒకటికి ముక్కుంటుంది" అన్నాడు చివరికి,
"ఏడుకి నడికట్టుంటుంది.
నడికట్టు లేనిది ఏడు కాదు."

పద్నాలుగన్నమాట.
మనిషి నడవొచ్చు.
కారు దిగితే కారే ఉండదు.

ముక్కుల్నీ నడికట్లనీ యంత్రానికి నేర్పడానికి
రెండు వారాలు పట్టింది. నేర్చుకుంది పాపం,
మా ఆఫీసులో కొందరికంటే తొందరగానే.

ఖాళీల దగ్గర మాత్రం మొండికేసింది.
ఒక ఫిబ్రవరిలో మూడు రోజులు ఏమీ లేదు,
పేజీ తెల్లగా.
యంత్రం మూడు సున్నాలు పెట్టింది.
మళ్ళీ ఫోన్.
"సున్నా అంటే నీళ్ళమ్మా.
ఖాళీ అంటే నేను వెళ్ళలేదు."

ఎందుకు వెళ్ళలేదని అడగలేదు నేను.
ఆ ఏటి చర్చి రిజిస్టరు పక్క పెట్టెలోనే ఉంది,
వరసలో తన వంతు కోసం.
ఫిబ్రవరి పేజీలో ఒక కెర్కెలా.
వయసు గడిలో నెలలు రాసి ఉన్నాయి,
ఏళ్ళు కావు.

సున్నాలు తుడిచేశాను.
గడి నిండనిదే ముందుకి కదలనంటుంది యంత్రం.
దానితో సాయంత్రందాకా పోట్లాడి
మూడు గళ్ళూ ఖాళీగానే ఉంచాను.

మే నెల, రోడ్డు కాస్తా నీళ్ళయిపోయాక
అన్నీ అచ్చు తీసుకుని ఫెర్రీ ఎక్కాను.
వంటింటి బల్లమీద ఒక్కో కాయితం తిప్పాడు,
తన రాత కానిదాంట్లో తన రోజుల్ని వెతుక్కుంటూ.
ఫిబ్రవరి దగ్గర తిప్పడం ఆగింది.
మళ్ళీ మొదలైంది.

ఎక్కడో మధ్యలో
చెవి వెనకనుంచి పెన్సిల్ ముక్క తీసి
నాలుకకి అద్ది
నక్కని కొట్టేశాడు.
పక్కన రాశాడు: కుక్క. మర్నాడు తెలిసింది.

తిరుగు ఫెర్రీలో ఆ కాయితం నా ఒళ్ళో ఉంది,
గాలికి పోకుండా అరచెయ్యి వేసి పట్టుకున్నాను.
రేపు దాన్ని మళ్ళీ
అద్దం మీద బోర్లా పడుకోబెట్టాలి.